పొలమారిన పొద్దు

అర్గీరో చెంచా నోటి దగ్గరకు తీసుకెళ్ళే వేళకు మనూసోస్ గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉంటాడు. రోజూ అంతే. అంతకు ముందే కట్టుకోవచ్చు, తర్వాతైనా కట్టుకోవచ్చు. కానీ భార్య ఆ నూనె తాగుతుంటే చూడలేడు, ఇల్లు వదిలి పోనూ లేడు. అందుకని నడుం వంచి, ముడి మీద ముడి వేసుకుంటూ, చెవులు మాత్రం వంటింట్లో పెడతాడు.

ముందు సీసా మూతికి చెంచా తగిలిన చప్పుడు. తర్వాత ఒక గుటక. ఆ వెనకే దగ్గు. జలుబు చేసిన దగ్గు కాదది. గొంతులో ఎవరో గోటితో గీరినట్టు ఒకటి, దాన్ని తరుముకుంటూ ఇంకొకటి. ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, తలకు కట్టుకున్న నల్లగుడ్డ అంచుతో తుడుచుకుని అర్గీరో నవ్వుతుంది.

"పొలమారింది మనూసో! నన్నెవరో తలుచుకుంటున్నారు."

అని, పొయ్యి పక్కన తన పొట్టి కుర్చీలోంచి కిటికీకేసి చూస్తుంది. మనూసోస్ కూడా తలెత్తి చూస్తాడు. మెట్టు మీద కూర్చుని చూసేవాడికి ఆ కిటికీలో కనిపించేది ఒకటే. ఎదుటి కొండవాలు మీద సీఫిస్ గానుగ, దాని సున్నం కొట్టిన గోడ. దాంతో మనూసోస్ కడుపులో నిప్పు రాజుకుంటుంది. ఆ నిప్పు మీదే రోజంతా పనిచేస్తాడు.

ఆ నూనె సీఫిస్‌ది మరి.

క్రీటు దీవిలో మా కొండ పక్క ఊళ్ళన్నింటిలో ఆలివ్ తోటలే. మా ఊళ్ళో గానుగలు రెండు. రైతుల సంఘం గానుగలో మనూసోస్ మీసం మొలవని వయసు నుంచి పనిచేస్తున్నాడు. పొట్టి మనిషి, మెడ లేనట్టుంటాడు, వేళ్ళ సందుల్లో నూనె మరకలు ఆదివారం స్నానానికి కూడా వదలవు. అతని చేతి మీదుగా దిగిన నూనె గొంతులో వెన్నలా జారిపోతుంది. కాయ నల్లబడేదాకా ఆగుతాడు. నూరిన ముద్దలో గోరువెచ్చని నీళ్ళు కలిపి, తొందరపడకుండా పిసికిస్తాడు. చేదంతా ఆ నీళ్ళతో కొట్టుకుపోతుంది. "మనూసోస్ చేతిలోనే తీపి ఉంది" అని ఆడవాళ్ళు అంటుంటే, విననట్టు నటిస్తూ విని మురిసిపోయేవాడు.

సీఫిస్‌కి ఓపిక ఎప్పుడూ లేదు. సొంత గానుగ, అడిగేవాడు లేడు. కాయ పచ్చిగా ఉండగానే దులిపేసి, నీళ్ళు కాచడానికి బద్ధకించి చల్లగానే ఆడించేవాడు. వాడి నూనెకు ఊళ్ళో 'గొంతుకోత' అని పేరు. దీపానికి తప్ప పనికిరాదని నవ్వుకునేవాళ్ళం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మనిషి నిటారుగా ఉంటాడు, గొంతు బాగుంటుంది, అప్పటికప్పుడు రెండు పాదాలు కట్టి పాడగలడు. వయసులో ఉన్నప్పుడు ఆ పాటలు ఎక్కువగా అర్గీరో కిటికీ కింద పాడాడు.

కొత్త నూనె దిగిన రోజున గానుగలో రొట్టె కాల్చి, నూనెలో ముంచి అందరికీ పంచడం మా అలవాటు. ఒక ఏడు అర్గీరో రెండు గానుగల్లోనూ రుచి చూసింది. సీఫిస్ రొట్టె కొరికి, దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడింది. మనూసోస్ ఇచ్చిన ముక్క తిని మెల్లగా వేళ్ళు నాకింది. ఆ ఈస్టర్ తర్వాత పెళ్ళి. మనూసోస్ జీవితంలో చెప్పుకోదగ్గ గెలుపు అదొక్కటే. అందుకే ఎన్నేళ్ళయినా దాన్ని రోజూ ఒకసారి తీసి తుడిచి లోపల పెట్టుకునేవాడు. సీఫిస్ మళ్ళీ పెళ్ళి మాటే ఎత్తలేదు. ఎవర్నో ఒకర్ని చేసుకుని చావొచ్చు కదా అని మనూసోస్‌కి అదో బాధ.

అలాంటిది, పట్నం ఆసుపత్రి నుంచి డెస్పీనా అనే డాక్టరమ్మ వచ్చి లోకాన్ని తలకిందులు చేసింది. ఊళ్ళో ప్రతి నూనెనూ చిన్న సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. మతిమరుపు మొదలైన అర్గీరో లాంటి పెద్దవాళ్ళకు రోజూ పొద్దున్నే ఒక చెంచా నూనె ఇచ్చి చూస్తారట. ఏ నూనె అంటే, గొంతుకోత.

"ఇందులో ఫినాల్స్ చాలా ఎక్కువ తాతా. మీ ఊళ్ళో ఇంకే నూనెలోనూ ఇన్ని లేవు," అంది ఆ పిల్ల.

"ఫినాల్ అంటే ఆసుపత్రి నేల కడిగేది కదమ్మా! మా అమ్మ పోయినప్పుడు వార్డంతా అదే వాసన. దాన్ని మా ఆవిడ చేత తాగిస్తావా?"

డెస్పీనా నవ్వింది. "ఇంటిపేరు ఒకటే తాతా, మనుషులు వేరు. నేల కడిగేవాడు ఆ ఇంట్లో ముటముటలాడే పెద్దనాన్న. వీళ్ళు కాయల్లో, ఆకుల్లో ఉండే చుట్టాలు. మీ ఊళ్ళో సగం మందికి ఒకే ఇంటిపేరు లేదూ?"

"ఉంది. సీఫిస్‌కీ నాకూ ఒకటే," అన్నాడు మనూసోస్ ముఖం మాడ్చుకుని. "సరే, మతిమరుపు తగ్గుతుందా?"

"తగ్గుతుందని నేను చెప్పను. అదే కదా చూస్తున్నాం. గొంతు మండిందంటే ఫినాల్స్ ఉన్నట్టు. మండలేదంటే అది ఉత్త నూనె."

ఉత్త నూనె. ఆ పిల్ల మామూలుగానే అంది, సీసాల మీద పేర్లు అతికిస్తూ. మనూసోస్ మాత్రం ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాడు. ఒక మనిషి బతుకంతా కాచి, వడబోసి, పిండిన తీపి ఉత్త నూనె అయింది. సోమరిపోతు సీఫిస్ చేసింది మందయింది! కాఫీ కొట్టు గోడకు సీఫిస్ ఫోటో ఎక్కింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి వాడి గానుగ ముందు నిలబడి దగ్గి, కళ్ళు తుడుచుకుని, చప్పట్లు కొడుతున్నారు.

అదైనా ఓర్చుకునేవాడే. అర్గీరోకి పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. కూతురి పేరు పోయింది, వీధి పేరు పోయింది. కొన్ని రోజులు మొగుణ్ణి "నాన్నా" అంటుంది. కానీ మొన్న ఆదివారం నారింజ తొక్క ఒలుస్తూ తీరిగ్గా అడిగింది, "సీఫిస్ ఈమధ్య పాడట్లేదేం?" అని.

ఆ మాటతో మనూసోస్ నిన్న సాయంత్రం సీసా పని పట్టాడు. అందులో ఉన్న సీఫిస్ నూనెను వంటింట్లో దేవుడి పటం ముందు దీపంలో పోశాడు. దానికి తగిన చోటు అదే అనుకున్నాడు. మిగిలింది పాత డబ్బాలోకి వంచి తొట్టి కింద దాచాడు. ఖాళీ సీసాలో తన తీపి నూనె నింపి యథాప్రకారం బల్ల మీద పెట్టాడు. చాలా కాలం తర్వాత హాయిగా నిద్రపోయాడు.

ఈ పొద్దున మెట్టు మీద కూర్చుని చెవులు రిక్కించాడు. చెంచా చప్పుడయింది. గుటక పడింది. దగ్గు రాలేదు. లోలోపల ఈల వేసుకుంటూ తాడు బిగించాడు. వంటింట్లో ఇంకా ఏ చప్పుడూ లేదు. తల తిప్పి చూస్తే అర్గీరో ఖాళీ చెంచా పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఎదురుచూస్తోంది.

"ఇవాళ నన్నెవరూ తలుచుకోవట్లేదు మనూసో."

అతను లేచి లోపలికొచ్చాడు.

"నేనెవరికీ గుర్తులేనేమో," అంది మళ్ళీ. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నేను లేనుటే? నేను తలుచుకోనా?"

అర్గీరో అతనికేసి చూసింది. తెలియని విషయం అడిగిన చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "నువ్విక్కడే ఉన్నావుగా. ఎదురుగా ఉన్నవాళ్ళు చూస్తారు. తలుచుకునేది ఎక్కడో ఉన్నవాళ్ళు."

కిటికీకేసి చూడకుండానే చెంచా బల్ల మీద పెట్టేసింది. ఇంటి పని చూసే పక్కింటావిడ వచ్చేదాకా ఉండి, మనూసోస్ గానుగకు బయల్దేరాడు. దారంతా ఛాతీలో మంటగా ఉంది. అది కొత్తేం కాదు. సీఫిస్ ఫోటో గోడకెక్కినప్పటి నుంచీ వస్తూ పోతూ ఉన్నదే. అది వాడి వల్లే వస్తోందని అతని నమ్మకం.

గానుగలో పని మామూలుగానే సాగింది. కాయలు తొట్టిలో దొర్లాయి, ఆకులు తేలాయి, మర అరిచింది, నీళ్ళు కాచే పొయ్యి పొగ ఎత్తైన పొగగొట్టంలోంచి లేచింది, ముద్ద గోధుమరంగుకు తిరిగింది. మనూసోస్ చెయ్యి పెట్టి వేడి చూశాడు, గొట్టం తిప్పి నీళ్ళు వదిలాడు. ఆ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మనసంతా ఆ ఖాళీ చెంచా దగ్గరే ఉండిపోయింది.

మధ్యాహ్నం కాఫీ కొట్టులో సీఫిస్ తన ఫోటో కిందే కూర్చుని ఉన్నాడు. కావాలనే అక్కడ కూర్చుంటాడు.

"ఏరా మనూసో! మీ ఆవిడ నా నూనె తాగుతోందా, నువ్వు సలాడ్‌లో పోసుకుంటున్నావా?"

అందరూ నవ్వారు. వాళ్ళిద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని తెలిసినవాళ్ళు కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు కూడా.

"తాగుతోంది."

"దగ్గుతోందా మరి? నా దగ్గు ఊరకనే పోయే రకం కాదు."

నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆ 'నా దగ్గు' అనే మాట మనూసోస్‌ని గిల్లింది. "ఇవాళ రాలేదు. నీ సరుకు చప్పబడిపోయిందిరా," అనేశాడు.

సీఫిస్ గ్లాసు కింద పెట్టాడు. "రాకపోవడమేంటి? నా నూనెకు దగ్గు రాకపోవడమేంటి! రేపు పొద్దున్నే మీ ఇంటికొస్తున్నా. నా ఎదురుగా తాగిస్తా. నేనే రుచి చూస్తా."

"రా. ఎవడొద్దన్నాడు?" అన్నాడు మనూసోస్. కాఫీ తాగకుండానే బయటికి నడిచాడు.

దాచిన డబ్బాలోంచి నూనె తిరిగి సీసాలో పోస్తే పోయేది. అర్గీరోకి దగ్గు వస్తుంది, సీఫిస్ నోరు మూతపడుతుంది, డెస్పీనా లెక్కా చెడదు. ఎంత చిన్న పని! కానీ అలా పోస్తే రోజూ పొద్దున్నే మళ్ళీ వాడే గెలుస్తాడు. దారిలో రాతిగోడ మీద కూర్చుని మనూసోస్ తనతో తాను బేరమాడుకున్నాడు. ఆవిడకు దగ్గు కావాలి, సరే. తెచ్చిపెట్టాల్సిందే. కానీ ఆ దగ్గు నాదై ఉండాలి.

కొండవాలులో పై అంచున తన చెట్లు కొన్ని ఉన్నాయి. కాయ ఇంకా పచ్చిది, గట్టిది. అలాంటి కాయ మీద చెయ్యి వేసిన పాపాన అతను ఎప్పుడూ పోలేదు. ఆ మధ్యాహ్నమంతా కొమ్మలు వంచి ఒక్కొక్క కాయా కోశాడు. ఎడమ చెయ్యి భుజం దగ్గర లాగేస్తుంటే తిట్టుకుంటూ కుడిచేత్తో కోశాడు. కోసినంతసేపూ సీఫిస్‌ని తిడుతూనే ఉన్నాడు. మధ్యలో ఒక కాయ కొరికి, ఆ వగరుకు ముఖం చిట్లించి, తృప్తిగా ఉమ్మాడు.

బుట్ట నెత్తికెత్తుకుని గానుగకు తిరిగొచ్చేసరికి పని ముగింపుకొచ్చింది. పొయ్యి చూసే కుర్రాడు వార్దీస్ ఒక్కడే ఉన్నాడు.

"ఇదేంటి బాబాయ్, పచ్చికాయ! ఈ కాస్త కాయకి మర తిప్పమంటావా?"

"మర వద్దు. ఆ మూలనున్న చేతి గానుగ చాలు."

"చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం పెట్టిందా? దానికి సాలెగూళ్ళు తప్ప ఇంకేం లేవు. సరే, నీళ్ళు కాచనా?"

"వద్దు."

"గోరువెచ్చగానైనా?"

"వద్దన్నానా!"

"ఒంట్లో బాగుందా నీకు?" అని వార్దీస్ నిజంగానే అడిగాడు.

చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. తనకు తెలిసినదల్లా మానేయడమే. మనూసోస్‌కి ఆ మానడమే కష్టమయింది. చెయ్యి దానంతట అదే గొట్టం వైపు పోయేది. లాక్కునేవాడు. రాతి తొట్టిలో కాయ నూరి, ముద్ద చల్లగా ఉండగానే చాపల మధ్య పెట్టి, గానుగ కొయ్యను ఛాతీతో నెట్టి తిప్పాడు. వార్దీస్ సాయం వస్తానంటే కసురుకున్నాడు. దీని మీద ఇంకో చెయ్యి పడటం అతనికి ఇష్టం లేదు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. ఛాతీలో మంట గొంతుదాకా వచ్చింది. సీఫిస్ ఇప్పుడు కాఫీ కొట్టులో తన గురించే మాట్లాడుతూ ఉంటాడు, అందుకే ఇంత మండుతోంది అనుకున్నాడు.

తొట్టిలో పైకి తేలిన నూనెను గరిటెతో ఎత్తాడు. ఆకుపచ్చగా, చిక్కగా, గడ్డి కోసిన వాసనతో ఉంది. బతుకంతా ఈ రంగు కనబడితే తప్పు జరిగిందనే అర్థం. కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగాడు.

గొంతు పట్టేసింది. దగ్గాడు, వంగి దగ్గాడు, తొట్టి అంచు పట్టుకుని దగ్గాడు. వార్దీస్ వీపు మీద చరుస్తుంటే కళ్ళ నీళ్ళ మధ్య నవ్వు వచ్చింది.

"ఎవరు తలుచుకుంటున్నారు బాబాయ్ అంతగా?"

"మా ఆవిడ," అన్నాడు మనూసోస్. అది అబద్ధమని అతనికి తెలుసు. అయినా అనడానికి బాగుంది.

కొండ నీడ ఊరి మీద పడే వేళకు ఇల్లు చేరాడు. అర్గీరో పక్కింటావిడతో కలిసి చిక్కుళ్ళు వలుస్తోంది. సీసాలో ఉన్న ఉత్త నూనెను జాడీలోకి వంపేసి, కొత్త నూనె నింపి, మూత బిగించి, సీసాను బట్టతో తుడిచాడు. చెంచా దాని పక్కనే బోర్లించాడు. సీఫిస్ రేపు వచ్చి ఏం మొహం పెడతాడో తలుచుకుంటే ముందే పొట్ట చెక్కలవుతోంది.

"ఏంటి నవ్వుతున్నావు?" అంది అర్గీరో.

"రేపు చెప్తా."

మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకోబోయాడు. కుడి బూటు తాడు లాగాడు, అది వచ్చేసింది. ఎడమ బూటు మీదకు వంగాడు. ముడి మీద ముడి పొద్దున తనే బిగించింది. దాని మీద వేళ్ళు పెట్టి అలాగే ఉండిపోయాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడని పక్కింటావిడ అనుకుంది. చిక్కుళ్ళు అయిపోయాక పిలిస్తే పలకలేదు.

మర్నాడు పొద్దున్నే ఇల్లంతా నల్లబట్టల వాళ్ళతో నిండిపోయింది. సంఘం గానుగ మూసేశారు. సీఫిస్ చెప్పిన వేళకే వచ్చాడు, చేతిలో టోపీ నలుపుకుంటూ. ముందు గదిలో పడుకోబెట్టిన మనిషికేసి ఒకసారి చూసి, అక్కడ ఉండలేక వంటింట్లోకి వచ్చాడు. అర్గీరో తన పొట్టి కుర్చీలో కూర్చుని ఉంది. ఇంతమంది ఎందుకొచ్చారో ఎవరినీ అడగలేదు. అది ఆవిడ నూనె తాగే వేళ. సీసా మూత తీసి, చెంచాలో పోసుకుని తాగింది.

దగ్గు వచ్చింది. ఇంతకు ముందెప్పుడూ అంత దగ్గు రాలేదు. పక్క గదిలోవాళ్ళు కంగారుపడి లేచి వచ్చేంత దగ్గు. ముఖం ఎర్రబడి, ఊపిరి తిప్పుకుని, కళ్ళు తుడుచుకుని అర్గీరో నవ్వింది.

"అబ్బ, ఎంతగా తలుచుకుంటున్నారో నన్ను!"

అని కిటికీకేసి చూసింది.

సీఫిస్ గుండె ఉబ్బింది. చావింట్లో ఉబ్బకూడదని తెలిసినా ఉబ్బింది. చప్పబడింది అన్నాడు పాపం, అనుకుంటూ చెంచా అందుకుని కాస్త నూనె నాలుక మీద వేసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, వాడూ గోడ పట్టుకుని దగ్గాడు. దగ్గు తగ్గాక సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. రంగు తనది కాదు, వగరు తనది కాదు, ఆ మంట తన నూనెలో ఎన్నడూ లేదు.

"ఇది నాది కాదు," అన్నాడు మెల్లగా. "ఒరే మనూసో... దొంగ సచ్చినోడా."

అర్గీరో ఇంకా కిటికీకేసే చూస్తోంది. ఏం చూస్తోందో చూద్దామని సీఫిస్ మోకాళ్ళ మీద ఆమె కుర్చీ పక్కన కూర్చుని, తల ఆమె తల ఎత్తుకు వంచాడు. తన సున్నపు గోడ కనబడుతుందనుకున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే అది కిటికీ చట్రం వెనక్కి పోయింది. అద్దంలో నిండా కనబడుతున్నది సంఘం గానుగ పొగగొట్టం. ఇవాళ పొగ లేకుండా.

సీఫిస్ చాలాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. చచ్చినవాడి మీద అసూయపడటం తప్పని తెలిసీ, కడుపు మండిపోయింది. తర్వాత లేచి, టోపీ పెట్టుకుని గుమ్మం దాటబోతూ ఆగాడు. మెట్టు పక్కన బూట్లు ఉన్నాయి. ఒకటి నోరు తెరుచుకుని, రెండోది ముడి విప్పకుండానే కాలి నుంచి లాగినందువల్ల మడమ వంగిపోయి, తాడు బిగుసుకుని ఉంది.